ఆధారం లేని పేరా

చెల్లి తన పరిశోధన గ్రంథాన్ని రేపు కాలేజీలో ఇచ్చెయ్యాలి. అందులో చూపించిన ఆధారాలన్నీ అసలు పుస్తకాల్లో వెతికి సరిచూసే పని నాకు అప్పజెప్పింది. లైబ్రరీలో పనిచేసే అక్కకి ఆ మాత్రం చాకిరీ తప్పదు కదా.

ఒక పేరాకి మాత్రం ఆధారం రాయలేదు.

"ఇది ఎక్కడిదే?"

"నాదే అక్కా."

అదే పేరా నాకు ఒక పాత పత్రికలో దొరికింది, అక్షరం పొల్లుపోకుండా. వ్యాసం కింద చెల్లి వాళ్ళ ప్రొఫెసర్ పేరు ఉంది. బయటపడితే డిగ్రీ పోతుంది.

పత్రిక తెచ్చి దాని ముందు పెట్టాను. "దొంగతనం చేసి, పైగా నాతోనే అబద్ధమా? దేవుడికి ఏం మొహం చూపిస్తావే?"

చెల్లి పత్రిక వైపు చూడనైనా లేదు.

"ఆయన దగ్గర చేరిన కొత్తలో నేను రాసిన వ్యాసం అది. దిద్దిస్తానని తీసుకుని తన పేరుతో వేసుకున్నాడు. ఏడుస్తూ నీ దగ్గరికే వచ్చాను. నువ్వు చదవనైనా చదవలేదు. పెద్దవాళ్ళతో గొడవెందుకు, ఊరుకోవే అని ప్రార్థనకి వెళ్ళిపోయావు. ఊరుకున్నాను."

పత్రిక ఇటు తిప్పుకుని ఆ వ్యాసం మొదటినుంచీ చదివాను.

"ఆధారం చూపించకపోతే కాపీ కొట్టానంటారు. అక్కడ ఆయన పేరు నువ్వే రాసెయ్యి, అక్కా. నాకు చేతులు రావడం లేదు."

రాశాను.