శ్రుతి తప్పిన పెద్దాయన

పియానో వాయించే మనిషి జ్వరంతో పడ్డాడు. తెల్లారితే రికార్డింగు.

కాన్సస్ సిటీ వైన్ వీధిలో, మేడ మీద గదిలో, లూథర్ గెయిన్స్ తన బ్యాండుతో తల పట్టుకు కూర్చున్నాడు. పియానోకి మనిషి కావాలని పొద్దున్నే కింద తలుపుకి కాగితం అంటించాడు.

మధ్యాహ్నానికి ఒక ముసలాయన వచ్చాడు. మాసిన కోటు, ఇస్త్రీ చేసిన కాలరు. పేరు ఎజ్రా అన్నాడు.

"నొటేషన్ చదవగలవా?" అడిగాడు లూథర్.

"రాదు బాబూ. ఎవరూ నేర్పలేదు. నాకు నేనే తడుముకున్నాను."

డ్రమ్ముల క్లీటస్ పైకే నవ్వేశాడు.

ఉద్యోగం ఇవ్వకపోయినా ఫర్వాలేదు, 'తడి బూట్లు' పాట ఒక్కసారి నిండు బ్యాండుతో వాయించనిమ్మన్నాడు ఎజ్రా. ఏళ్ళ తరబడి ఆ కోరిక అలాగే ఉండిపోయిందట.

ఊళ్ళో ఆ పాట వాయించని బ్యాండు లేదు. రేపు రికార్డు చెయ్యబోయేదీ అదే. లూథర్ సరేనన్నాడు.

ఎత్తుకోగానే గదంతా గోల. వాళ్ళదో శ్రుతి, ఆయనది అర స్వరం పైన.

మళ్ళీ ఎత్తారు. మళ్ళీ అంతే.

క్లీటస్ పుల్లలు పక్కన పడేశాడు.

"మీరే కిందికి దించి వాయిస్తున్నారు బాబూ," అన్నాడు ఎజ్రా మెల్లిగా.

"ఆడలేక మద్దెల ఓడు అన్నట్టుంది," అన్నాడు లూథర్. "పాట శ్రుతి కూడా తెలీకుండా వచ్చావా పెద్దాయనా? మా టైము తినకు, వెళ్ళు."

ఎజ్రా పియానో మూత వేసి, టోపీ పెట్టుకుని దిగిపోయాడు.

లూథర్ మనసు చివుక్కుమంది. కానీ రేపటి బెంగ ముందు అదెంతసేపు!

కాసేపటికి మిస్ ఓపల్ ఆయాసపడుతూ పైకొచ్చింది. కింద చేపలు వేయించి అమ్ముతుంది. ఆ వీధి బ్యాండువాళ్ళంతా ఆమె చేతి చేప తిని పెరిగినవాళ్ళే.

ఇందాక పియానో వాయించిందెవరని అడిగింది; ఆ వాయింపు విని చాలా ఏళ్ళయిందంది.

ఎవరో ముసలాయన, తప్పు శ్రుతిలో వాయిస్తే పంపేశామన్నాడు లూథర్.

ఓపల్ కుర్చీలో కూలబడింది.

"తప్పు మీది నాయనా. బాకాల మీద వేళ్ళు తిరగవని మీ పెద్దలే ఆ పాటని కిందికి దించారు. అసలుది అర స్వరం పైన, పియానో నల్ల మీటల మీదే నడుస్తుంది."

లూథర్ గబగబా కిటికీ దగ్గరికి వెళ్ళాడు. వీధిలో ఎజ్రా లేడు; ట్రాము మలుపు తిరుగుతోంది. ఆయన ఎక్కడుంటాడో ఎవరూ అడగలేదు.

లూథర్ సిగ్గుతో వెనక్కి తిరిగాడు.

"అంత పాత పద్ధతి... ఎవరి దగ్గర నేర్చుకున్నాడో!"

"ఎవరి దగ్గర నేర్చుకుంటాడు," అంది ఓపల్, "ఆ పాట కట్టిందే ఆయన."