మగ్గం చప్పుడులో వచ్చిన వార్త

పెరుగు కుండ మీద మూత ఎవరు తీశారన్న దగ్గర మొదలైంది గొడవ.

"నువ్వే తీసినవ్. పిల్లి మూతి పెట్టింది" అన్నాడు మగ్గం మీద ఉన్న సారంగపాణి.

"మీరు చూసిన్రా?" అంది అతని భార్య లక్ష్మీనర్సమ్మ.

"ఇంట్ల అందరు అంటాన్రు."

"అందరంటే ఎవలు? మీరు, అత్త. మీకెవలు చెప్పిన్రు?"

"అవ్వ చెప్పింది."

"అయితే అన్నది ఒక్క అత్తనే. అత్తా, నువ్వు చూసినవా?"

సారంగపాణి తల్లి శ్యామలమ్మ రాట్నం తిప్పడం ఆపలేదు. "నేనెక్కడ చూసిన? నువ్వే తీసుంటవనుకున్న."

"చూసిన్రా! చూసినోళ్ళు ఎవ్వలు లేరు, దొంగను మాత్రం పట్టిన్రు."

గుమ్మంలో ఎవరో గట్టిగా నవ్వారు. సారంగపాణి అక్క మొగుడు రాజమల్లు. ఉర్దూ బాగా చదివి సర్కారు కచేరిలో కాగితాలు చూసే పేష్కారు అయినవాడు. వచ్చినప్పుడల్లా టోపీ తీసి మేకుకు తగిలిస్తూ "ఏం బామ్మర్దీ, ఇయ్యాల ఏ సర్కారును కూలగొట్టినవ్?" అని ఆటపట్టించడం అతని అలవాటు. సారంగపాణి మగ్గం నేస్తూనే పత్రికకు వరంగల్ వార్తలు పంపుతుంటాడు మరి. ఇవాళ రాజమల్లు టోపీ తీయలేదు.

"పెరుగు ముచ్చట తర్వాత. నువ్వు పేపర్ల రాసింది నూలు డిపో గుత్తేదారు సదివి అగ్గి మీద గుగ్గిలమైండు. అమీన్ సాబ్ నిన్ను రేపు పొద్దున ఠాణాకు రమ్మన్నడు. ఆ ఖబరు నీకు చెప్పినోళ్ళ పేరు చెప్తె ఇడిచిపెడ్తరు. చెప్పకుంటె జేలే."

మగ్గం ఆగిపోయింది.

రెండో ప్రపంచ యుద్ధం ముగిసినా నూలు మీద సర్కారు కంట్రోలు పోలేదు. ఖిలా వరంగల్‌లో సగం మగ్గాలు నూలు లేక పడుకున్నాయి. నేతగాళ్ళకు పంచాల్సిన నూలును వరంగల్ స్టేషన్లో నలుగురి కళ్ళు పడకుండా బండ్ల మీద నెక్కొండకు తోలి, అక్కడ రైలెక్కిస్తున్నారని సారంగపాణి రాశాడు. ఆ సంగతి తెచ్చింది ఇంటింటికీ తిరిగి కండెలు చుట్టే యాదవ్వ. మగ్గం ఆడుతున్నంతసేపే ఆమె నోరు విప్పేది. ఆ చప్పుడులో అరుగు మీద కూర్చున్నవాళ్ళకు ఏమీ వినపడదు. ఎవరు చెప్పి పంపారని అడిగితే "చెప్పుమన్నరు, చెప్పిన" అనేది, అంతే. ఇప్పుడు ఆమె పేరు బయటపడితే ముసలి ప్రాణాన్ని ఠాణాకు ఈడుస్తారు.

"పేరు లేనోని మాట నమ్మి తల్లిని, పెండ్లాన్ని ఆగం చేస్తవా?" అన్నాడు రాజమల్లు. "నిన్ను ఇరికియ్యనీకె గుత్తేదారే చెప్పిపిచ్చిండేమో! అది అబద్ధమని బజారంత అంటాన్రు. నాకే పది మంది చెప్పిన్రు."

"ఆ పది మంది ఏడ కూసుంటరన్నా?" వంటింట్లోంచి అడిగింది లక్ష్మీనర్సమ్మ.

"టేషన్ కాడి హోటల్ల."

"వాళ్ళకు చాయ తాపేది ఎవలు?"

రాజమల్లు మీసం సవరించుకున్నాడు. "గుత్తేదారే అనుకో."

"అయితే పది నోర్లు కావు. ఒక్క నోరే."

"మరి మీకు చెప్పిపిచ్చెటోడు హరిశ్చంద్రుడా చెల్లె?"

"మొదలు నేనూ నమ్మలే. ఈయన నెక్కొండకు పోయి, ప్లాట్‌ఫారం మీద మూటలు కండ్లార చూసి వచ్చినంకనే రాసిండు. ఇందుల కచేరోళ్ళు ఎవలెవలు కలిసిన్రని ఒకపారి అడిగిపిచ్చినం. 'అది నాకు తెల్వదు' అని జవాబొచ్చింది. అబద్ధమాడెటోళ్ళకు అన్ని తెలుస్తయన్నా. ఆ తెల్వదన్న మాటకే నాకు నమ్మకం కుదిరింది."

రాజమల్లు కళ్ళు చిన్నవి చేశాడు. "అడిగిపిచ్చిన్రా? అంటే నడుమ ఇంకో మనిషి ఉన్నరన్నట్టు. ఆ పేరన్న చెప్పున్రి, నేను అమీన్ సాబ్ చెవుల వేస్త. మనింటి మీదికి రాదు."

లక్ష్మీనర్సమ్మ నాలుక కరుచుకుంది. "అన్నం వడ్డిస్త, లేవున్రి" అంటూ లోపలికి తిరిగింది.

బావా బామ్మర్దులు పీటల మీద కూర్చున్నారు. పప్పు, పచ్చిపులుసు పెట్టింది. సారంగపాణి అన్నం కలపలేదు. శ్యామలమ్మ కొడుకు ఎదురుగా గోడకు చేరగిలబడింది.

"ఏం చేస్తవ్‌రా?" అంది.

"రేపు ఠాణాకు పోత అవ్వా. నెక్కొండల మూటలు చూసింది నేను, రాసింది నేను. ఆ మాట యాడనైనా ఒప్పుకుంట. చెప్పిన మనిషి పేరు మాత్రం నా నోట రాదు. జేలంటె జేలే."

"మగ్గం మీద బట్ట సగంల ఉన్నది గదరా."

"మీరు ఫికర్ చెయ్యకున్రి. అది నేను నేస్త" అంది లక్ష్మీనర్సమ్మ. ఆ ఇంట్లో ఆడవాళ్ళు అంతవరకు మగ్గం గుంటలోకి దిగింది లేదు.

శ్యామలమ్మ కొడుకును చూసింది, కోడలిని చూసింది. కొంగుతో ముఖం గట్టిగా తుడుచుకుని తల పైకెత్తింది.

"నిలబడి చూస్తవేందే? నెయ్యి గిన్నె తే. నా కొడుకు జేలుకు పోతాండు, ఉట్టి పప్పుతోని పంపుతమా?"

రాజమల్లు చేయి విస్తట్లోనే ఉండిపోయింది. చివరికి టోపీ తీసి పక్కన పెట్టి, విస్తరి ముందుకు జరిపాడు.

"నాక్కూడ జర నెయ్యి పొయ్యి అత్తా" అని, బామ్మర్ది వైపు వంగి గొంతు తగ్గించాడు. "ఇగ నా మాటలకు ఆ యాదవ్వను నడుమ తిప్పుడెందుకు? మల్లొచ్చే నూలు ఎటు పోతాందో నేనే చెప్త, రాసుకో."