పవిత్ర అరచేతిలో రాసింది

పొద్దున్నే పెనుకొండ కొండ మీద మబ్బులు కమ్ముకున్నాయి. చినుకైనా రాల్చకుండా ధర్మవరం వైపు జారిపోయాయి. సోమందేపల్లి పక్క ఊళ్లో వనిత అంగడి తెరిచేసరికి పవిత్ర వాళ్లమ్మ రోజూలాగే అరచెయ్యి చాపుకుని మెట్టు మీద కూర్చుని ఉంది.

పదేళ్ల పవిత్రకు ఊహ తెలియకముందే చూపూ వినికిడీ పోయాయి. హిందూపురం హాస్టల్లో ఉంటూ ఈ ఏడే రాయడం నేర్చుకుని, సెలవులకు ఇంటికి వచ్చింది. వచ్చినప్పటి నుంచీ తినడానికి కూర్చోగానే తల్లి చెయ్యి లాక్కుని, అరచేతిలో వేలితో ఏదో రాస్తుంది. రాసి తన చెయ్యి చాపుతుంది. తల్లికి చదువు రాదు. ఆ చేతిలో సంగటి ముద్ద పెడుతుంది. పవిత్ర ముద్దను పళ్లెంలో వేసి మళ్లీ రాస్తుంది.

హాస్టల్‌కు పంపమంటోందని తండ్రి రమేష్ అనుమానం. "ఆడ జతగాళ్లుంటారు. ఈడ ఏముండాది, మనమూ గొర్రెలూ. ఇంకేం రాస్తాది మే?" అన్నాడు భార్యతో. ఆ మాట ఆమెకు ముల్లులా దిగింది. సెలవులు అయిపోవస్తున్నాయి. పిల్లే పోతానంటే ఆపడానికి ఆమెకు నోరు రాదు.

పాప రాసేది తాను చూసి చెబుతానంది వనిత మొదటి రోజు. పవిత్ర వాళ్లమ్మ ఒప్పుకోలేదు.

"నా చేతిలో రాసిండేది నేనే చదువుకోవాల. నువ్వు నేర్పించు, సాలు."

పలక మీద ఒక్క అక్షరమూ ఆమెకు అంతుపట్టలేదు. కళ్లు మూసుకుని అరచేతిలో రాయించుకుంటే మాత్రం టక్కున చెప్పేసేది. బీడీలకు వచ్చినవాళ్లు నవ్వేవాళ్లు.

"ఏం పవిత్రోళ్లమ్మా, ఈ వయసులో కితకితలా?"

పరీక్షకు కడుతున్నానని చెప్పి పంపేది. గొర్రెల వీపుల మీద కూడా తన పెండ్లాం అక్షరాలు దిద్దుతోందని రమేష్ ఊరంతా చెప్పాడు. అది నిజమే.

ఆ మధ్యాహ్నం సంగటి, శనక్కాయల చట్నీ. పవిత్ర చెయ్యి పట్టుకోగానే తల్లి కళ్లు మూసుకుంది. వేలు కదులుతుంటే ఆమె పెదవులూ కదిలాయి. వేలు ఆగినా కళ్లు తెరవలేదు.

రమేష్ చేతిలో ముద్ద అలాగే ఉంది. "పోతానంటాదా?"

ఆమె తల అడ్డంగా ఊపి, నవ్వుతూ కళ్లు తుడుచుకుంది. పాప చాపిన చెయ్యి తీసుకుని, తప్పు పోకుండా మెల్లగా రాసింది. తర్వాత ముగ్గురూ తిన్నారు.

పవిత్ర ఇన్నాళ్లూ అడిగింది ఒకటే: "అమ్మా, నీ పేరేమి?"