ఔషధ ఘడియ

ఆపరేషన్ థియేటర్ తలుపుకు అడ్డంగా నిలబడ్డాడు వెంకటరాజం.

"తొమ్మిదిన్నర దాటితే ముహూర్తం పోతది. ఇంకా కొయ్యరేందమ్మా?"

"చీము పట్టకుండ సూది ఇప్పుడే ఇచ్చినం. మందు ఒంట్లకు ఎక్కాలె. ఇంకో అరగంట ఆగుండ్రి," అంది డాక్టర్ స్వర్ణలత.

"పుండే కాలేదు, మందెందుకు? కోసినంక ఇయ్యుండ్రి!"

నిజానికి ఆలస్యం ఆయనదే. వర్జ్యం పోయేదాకా కోడలు మంజులను ఆత్మకూర్‌లో ఇల్లు కదలనివ్వలేదు.

స్ట్రెచర్ మీది నుంచి మంజుల సన్నగా అంది. "మామా, మొదటి కాన్పుల గిట్లనే తొందరపెట్టిన్రు. కుట్లు చీము పట్టి ఎంత గోసపడ్డనో యాదిలేదా?"

"నువ్వూకో. బిడ్డ జాతకం మంచిగుండాలె."

నర్సు కౌసర్ బతిమాలింది. ఆయన వినలేదు. వేరే దవాఖానకు తీసుకుపోతానన్నాడు. మంజుల కళ్లలో నీళ్లు తిరిగాయి.

స్వర్ణలత గోడ గడియారం వైపు చూసింది.

"ముహూర్తం పెట్టిన అయ్యగారినే అడుగుండ్రి. ఆయన కొయ్యమంటే ఇప్పుడే కోస్త."

కౌసర్ ఉలిక్కిపడింది. వెంకటరాజం గెలిచినట్టే ఫోను తీశాడు. సిజేరియన్ ముహూర్తాలకు పాలమూరులో ఆ పంతులుదే పేరు. అందరికీ వినపడాలని స్పీకర్ పెట్టి, జరిగిందంతా చెప్పాడు.

"డాక్టరమ్మ ఎవరు?" అడిగాడు పంతులు.

"స్వర్ణలత మేడం, అయ్యగారూ."

అవతల చిన్న దగ్గు. కాగితాలు తిప్పిన చప్పుడు.

"రాజం, ఒకటి చెప్పుడు మరిచిన. ఇయ్యాల ఔషధ ఘడియ ఉన్నది. కోతకు ముందే మందు ఒంట్ల పడాలె. పది దాటినంక పుడితే ఆ జాతకానికి తిరుగులేదు."

ఇక వెంకటరాజాన్ని ఎవరూ పట్టలేకపోయారు. కనపడ్డ ప్రతి నర్సునూ ఆపి, "సూది ఇచ్చిన్రా? పది కాకముందు కత్తి పట్టకుండ్రి!" అని గద్దించాడు.

పది దాటాక ఆడపిల్ల పుట్టింది. దవాఖాన అదిరేలా ఏడ్చింది. కుట్లు విప్పిన రోజు చూస్తే చుక్క చీము లేదు. మంజుల హాయిగా నవ్వింది.

వెంకటరాజం డాక్టరమ్మకు ఒక దండం పెట్టాడు. పంతులు ఇంటికి మాత్రం పట్టుపంచె, బుట్టెడు బత్తాయిలు స్వయంగా మోసుకెళ్లి ఇచ్చొచ్చాడు.

ఆ సాయంత్రం పుట్టింట్లో, ఆ బుట్ట ముందు కూర్చుని బత్తాయి ఒలుచుకుంటున్న డాక్టర్ స్వర్ణలతతో పంతులు అన్నాడు: "ఇంకెన్ని కొత్త ఘడియలు పుట్టియ్యాలె బిడ్డా, నీ బాపుకు పంచాంగంల జాగ సరిపోతలేదు!"