గుమ్మం మీద అంకెలు

ఉప్పాడను సముద్రం మింగేశాక కట్టుబట్టలతో బయటపడిన పిల్ల నూకరత్నం. నిర్వాసితుల శిబిరంలో టార్పాలిన్ కింద పెరిగి ఆర్కిటెక్టు అయింది. ఇల్లొక్కటి నిలిస్తే చాలదని, ఊరు నిలవాలని ఇప్పుడు నగర ప్రణాళిక చదువుతోంది. తన శిబిరం వాళ్ళకు కొత్త ఊరు గీయడమే ఆమె చివరి పరీక్ష.

కట్టబోయే ఊరిని ముందే ఖాళీ నేల మీద నిలువెత్తు వెలుతురు బొమ్మగా నిలబెట్టి, ఉండబోయేవాళ్ళను అందులో నడిపించడం ఆ రోజుల్లో మామూలే. తల్లి లోవతల్లి కూడా నడవడానికొచ్చింది. ఉన్నపళంగా లేచిపోవలసి వస్తుందని ఏళ్ళ తరబడి సర్ది ఉంచుకున్న మూట ఆమె చంకలోనే ఉంది.

"వంటిల్లు బాగుందే," అంటూ లేని గోడను తడిమింది. "మరి మూటకి చోటేదే?"

"ఇంక మూటతో పనిలేదమ్మా. ఇక్కణ్ణించి మనల్నెవరూ లేపరు."

"అయితే నువ్వే పట్టుకో," అని లోవతల్లి మూటను కూతురి చేతిలో పెట్టింది.

సముద్రం అక్కడికి ఏ సంవత్సరం చేరుతుందో ప్రతి కొత్త ఇంటి గుమ్మం మీదా రాయాలన్నది చట్టం. లోవతల్లికి చదువు రాదు. బయటికొచ్చి తలెత్తి చూసింది.

"ఆ ఎర్రంకెలేంటే?"

"ఇంటి నంబరమ్మా," అంది నూకరత్నం, ఎటో చూస్తూ.

లోవతల్లి ఎదురింటి గుమ్మం చూసింది. పక్కింటిదీ చూసింది. వీధి చివరిదాకా వెళ్ళి తిరిగొచ్చింది.

"అన్నిళ్ళకీ ఒకటే నంబరేంటే?"

లోవతల్లి కూతురి చేతిలోంచి మూట తీసుకుని మళ్ళీ చంకన పెట్టుకుంది.