అవ్వ కోసం మెత్తబడ్డ బండి

అది ఆగస్టు పదమూడు, బుధవారం. మధ్యాహ్నం కిరాయి మోటారుసైకిలు నడిపే వాయిస్వా తిన్నది ఉడికించిన అరటికాయ ముద్ద, వేరుశనగ పులుసు. ఆఖరి ముద్ద చేతిలో ఉండగానే ఎంబరారా ఊరి సంత దగ్గర తోటి బండివాడు మతోవు అందరికీ వినబడేలా అన్నాడు:

"అవ్వా, ఆ డొక్కు బండి మీద నీ నడుం విరుగుతుంది. నాది కొత్త బండి, పరుపులా ఉంటుంది. రేపట్నుంచి నాది ఎక్కు."

"చూద్దాంలే నాయనా," అంది కొబుసింగే అవ్వ. సంతలో అమ్మగా మిగిలిన పెరుగున్న సొరకాయ బుర్రను ఒళ్ళో పెట్టుకుని, రోజూలాగే వాయిస్వా వెనక కూర్చుంది.

చూద్దాం అనడమేమిటి? అనుకున్నాడు వాయిస్వా. అతని బండికి రోజూ వచ్చే మనిషి అవ్వ ఒక్కతే. ఆరు మైళ్ళ ఎర్రమట్టి దారి పొడుగునా ముందు చక్రాన్ని పట్టుకునే ఫోర్కులు గుంట గుంటకీ ధన్‌మన్నాయి. ధన్‌మన్నప్పుడల్లా వెనక నుంచి "ఊఁ!" అని వినబడింది.

'పాపం, ఎంత ఓర్చుకుంటోందో' అనుకున్నాడు.

ఇంటి ముందు దిగి, అవ్వ ఎప్పటిలాగే లోపలికెళ్ళి గిన్నెడు చల్లటి మజ్జిగ తెచ్చింది. అతను తాగేదాకా నిలబడింది. ఒంటరివాడు వాయిస్వా. దూరాన బుసోగా ప్రాంతపు అరటితోటల నుంచి వచ్చి మూడేళ్ళయింది. ఈ ఊళ్ళో అతను తాగేదాకా నిలబడే మనిషి ఇంకొకరు లేరు.

తెల్లారగానే మెకానిక్ తుమ్వెబాజె షెడ్డుకు పోయాడు.

"ఫోర్కులు మెత్తగా చెయ్యన్నా. అవ్వ కూర్చుంటే ఉయ్యాలలా ఉండాలి."

తుమ్వెబాజె మూతలు విప్పి, స్ప్రింగులు పైకి లాగి, నల్లటి నూనె వంచేశాడు. "ఇది నూనేనట్రా? బురద! ఇన్నాళ్ళూ అవ్వని ఊరేగించావా, దంచావా?"

కారే సీళ్ళు మార్చి, ఫోర్కు రెండు కాళ్ళలోనూ కొత్త నూనె సమంగా కొలిచి పోశాడు. బరువుకి మరీ కుంగకుండా స్ప్రింగుల మీద వేలెడు గొట్టం ముక్కలు పెట్టాడు.

"అవ్వ బరువెంత?"

"ముప్పావు బస్తా జొన్నలంత."

అంత జొన్నలూ వెనక కట్టి, వాయిస్వాని ఎక్కించి, ఫోర్కు ఎంత దిగుతోందో దారం కట్టి చూశాడు. గొట్టం ముక్కలు రెండుసార్లు కోసి మళ్ళీ పెట్టాడు. "ఇక పో. పసిబిడ్డని ఎక్కించినా నిద్ర లేవదు."

ఆ మధ్యాహ్నం బండి ఎర్రదారి మీద పడవలా సాగింది. వెనక నుంచి ఒక్క "ఊఁ" కూడా రాలేదు.

కొంతదూరం పోయాక అవ్వ అడిగింది: "ఏం నాయనా, బండికేమైనా అయిందా?"

"బాగు చేయించానవ్వా. నీకోసమే!"

అవ్వ ఒళ్ళోని బుర్రను సర్దుకుంది. తర్వాత, "ఆ బడి వెనక గుంటల దారిన పోనియ్యి," అంది.

పోనిచ్చాడు. గుంటలున్నట్టే తెలియలేదు.

"ఇంకోసారి తిప్పు."

తిప్పాడు.

"ఇంకోసారి."

వాయిస్వా ఛాతీ ఉబ్బింది. ఎదురుగా మతోవు కనబడితే రెండుసార్లు హారన్ కొట్టాడు. "చూడు, మా అవ్వ దిగనంటోంది!"

పొద్దు వాలేవేళకి ఇల్లు చేరారు. వాయిస్వా మజ్జిగ కోసం నిలబడ్డాడు. అవ్వ లోపలికెళ్ళి గిన్నె తెచ్చింది. సొరకాయ బుర్రను చెవి దగ్గర పెట్టుకుని ఊపింది. నిట్టూర్చి, గిన్నెలోకి వంచింది. గడ్డపెరుగు ధబ్బున పడింది.

"తాగు నాయనా, ఇవాళ్టికి ఇదే," అంది అతని భుజం తట్టి. "ఈ ముసలి చేతులకి పనిలేకుండా మూడేళ్ళ నుంచి నీ బండే వెన్న చిలికిపెట్టేది. రేపు పోయి ఆ ధన్‌ధన్‌లు మళ్ళీ పెట్టించుకురా." అని, మెల్లగా తలుపు వేసుకుంది.