వాలిన మీసం

"ఎడమవైపు దిగిపోయింది, సరిచెయ్యి అల్లుడూ," అన్నాడు మీసాల మామ అద్దంలోకి చూస్తూ. తన మీసం చూసి పులి దారి తప్పుకుందని ఊరంతా చెప్పుకునే మనిషి ఆయన.

క్షురకుడు ఎడమ కొస కత్తిరించాడు. ఇంకా దిగే ఉంది. మళ్లీ కత్తిరించాడు. మూడోసారికి ఆ వైపు మీసం ఆవగింజంత మిగిలింది కానీ వాలు మాత్రం పోలేదు.

ఇరవై ఏళ్లుగా తప్పని చెయ్యి అది. అతను కత్తెర పక్కన పెట్టి మొదటిసారి మీసాన్ని వదిలి మూతిని చూశాడు.

"మామా, ఒకసారి నవ్వు."

"మీసం గొరిగేసి నవ్వమంటావా?" మాట ముద్దగా వచ్చింది. నవ్వు కుడివైపే వచ్చింది.

"రెండు చేతులూ ఎత్తు."

ఎడమ చెయ్యి సగం లేచి ఒళ్లో పడింది.

"మామా, ఇది పక్షవాతం. ఆసుపత్రికి పోదాం."

"కాసేపు పడుకుంటే అదే పోతుంది. సగం మీసంతో గడప దాటితే నా పరువేం కాను?"

"మీసం మళ్లీ మొలుస్తుంది. మెదడు మొలవదు."

"అయితే రెండోది కూడా తీసెయ్. సమంగా వస్తాను."

"దాని పని తర్వాత చూద్దాం," అంటూ క్షురకుడు అప్పటికే అంబులెన్సుకి ఫోన్ కలిపాడు.

ఆసుపత్రిలో డాక్టరు, "ఎప్పుడు మొదలైంది?" అని అడిగింది.

"తొమ్మిదింటికి కుర్చీ ఎక్కినప్పుడు మీసం తిన్నగానే ఉందమ్మా. పావుగంటలో వాలింది."

"వేళకే తెచ్చారు, మందు పనిచేస్తుంది. ఎలా కనిపెట్టారు?"

క్షురకుడు తల దించుకున్నాడు.

"కనిపెట్టలేదమ్మా. కత్తిరించడానికి మీసం అయిపోయింది."